సుబాబుల్‌లో సిల్లాను తట్టుకునే రకం ఏది? తోటలో కొలిచి తేల్చే పద్ధతి

నందిగామ, చందర్లపాడు, కంచికచర్ల మెట్టల్లో చలికాలం వచ్చేసరికి సుబాబుల్ తోటలు రెండు రకాలుగా కనిపిస్తాయి. కొన్నిట్లో సిల్లా అనే రసం పీల్చే పురుగు పట్టి చిగుళ్లు ముడుచుకుపోయి జిగటగా ఉంటాయి, కొన్నిట్లో పచ్చగా నిగనిగలాడుతుంటాయి. పచ్చగా ఉన్న తోటలో విత్తనం ఏరుకొచ్చి 'ఇది పురుగు పట్టని రకం' అని పంచిపెట్టడం మామూలే. మరుసటేడు అదే విత్తనం వేసిన చోట చిగుళ్లన్నీ మాడిపోతాయి. పురుగు అసలు రాని చెట్టు, వచ్చిన పురుగును తట్టుకున్న చెట్టు కంటికి ఒకేలా ఉంటాయి. ఈ రెంటినీ విడదీయడమే నిరోధకత పరీక్షలో అసలు పని. కింద చెప్పే ఏర్పాట్లన్నీ దానికోసమే.

పురుగు నడత

సుబాబుల్ సిల్లా శాస్త్రీయ నామం హెటెరోసిల్లా క్యూబానా. మధ్య అమెరికా, కరీబియన్ ప్రాంతాల పురుగు. 1984లో హవాయి చేరింది, అక్కడి నుంచి పసిఫిక్ దీవులు, ఆగ్నేయాసియా దాటి 1988లో మన దేశంలో కనిపించింది. పెద్ద పురుగు పొడవు 2 మిల్లీమీటర్ల లోపే, పసుపు కలిసిన ఆకుపచ్చ రంగు. ఇంకా విచ్చుకోని చిగురాకు మడతల్లో గుడ్లు పెడుతుంది. రెండు మూడు రోజుల్లో గుడ్లు పొదిగి, పిల్ల పురుగులు అయిదు దశలు దాటి, మొత్తం సుమారు రెండు వారాల్లో కొత్త తరం తయారవుతుంది. పిల్ల పురుగులు రసం పీలుస్తూ తేనెలాంటి జిగట వదులుతాయి. ఆ జిగట మీద నల్లటి మసి బూజు పెరుగుతుంది.

ఈ నడత నుంచి పరీక్షకు పనికొచ్చే మాటలు రెండు. లేత చిగురు లేకపోతే ఈ పురుగు ఉండదు, కాబట్టి చిగురు లేని చెట్టుకు మార్కు వేయడంలో అర్థం లేదు. ఎండలు 35, 36 డిగ్రీలు దాటితే పురుగు సంఖ్య పడిపోతుంది. విజయవాడ, గుంటూరు ఎండల్లో ఏప్రిల్, మే నెలల్లో ఏ రకమైనా శుభ్రంగానే కనిపిస్తుంది. మార్కులు వేసే కాలం నవంబరు నుంచి ఫిబ్రవరి వరకే.

ఏ నిరోధకతను కొలుస్తున్నారు?

ఒకే మాటలో నిరోధకత అంటాం గానీ అందులో మూడు వేర్వేరు గుణాలున్నాయి. పురుగు ఆ చెట్టును ఇష్టపడక గుడ్లు పెట్టకపోవడం ఒకటి. గుడ్లు పెట్టినా పిల్ల పురుగులు ఎదగలేక చచ్చిపోవడం రెండోది. పురుగులు నిండా ఉన్నా చెట్టు ఎదుగుదల పెద్దగా తగ్గకపోవడం మూడోది. మొదటిది గుడ్ల లెక్కలో, రెండోది గుడ్ల నుంచి పెద్ద పురుగు దాకా బతికిన శాతంలో, మూడోది కర్ర కొలతలో తెలుస్తుంది. కర్ర టన్నుల్లో అమ్ముకునే రైతుకు మూడోది చాలా ముఖ్యం, కానీ చాలా పరీక్షలు ఆకు చూసి మార్కు వేయడంతోనే ఆగిపోతాయి. ఆకు మీద 5 మార్కు పడిన రకం (1 నుంచి 9 వరకు వేసే ఈ మార్కు ఎంత పెరిగితే నష్టం అంత ఎక్కువ) టన్నేజీలో ముందుండటం అసాధ్యమేమీ కాదు.

రకాల ఎంపిక, నారు

ఎనిమిది రకాలతో మొదలుపెడితే పని చేతిలో ఉంటుంది. వాటిలో పురుగుకు సులభంగా లొంగే కె-8 తప్పకుండా ఉండాలి. అది లేకపోతే మిగతా రకాల గురించి ఏమీ చెప్పలేం. మన దగ్గర వాడుకలో ఉన్న కె-636, స్థానిక రైతుల విత్తనం మూడు నాలుగు చోట్ల నుంచి, సుబాబుల్‌కు దగ్గరి చుట్టం, నిరోధకత ఉన్నట్టు పేరున్న ల్యూసీనా డైవర్సిఫోలియా కె-156, దొరికితే ల్యూసీనా పల్లిడాతో కలిపిన సంకరం కెఎక్స్-2 చేర్చండి. ఈ 'కె' సంఖ్యలన్నీ హవాయి విశ్వవిద్యాలయం సేకరణలవి. విదేశీ విత్తనం ప్లాంట్ క్వారంటైన్ అనుమతి లేకుండా తెప్పించకూడదు.

మామూలు సుబాబుల్ తన పుప్పొడితోనే గింజ కట్టుకుంటుంది. అందువల్ల ఒక రకంలో మొక్కలన్నీ దాదాపు ఒకేలా ఉంటాయి. పల్లిడా అలా కాదు, దానికి వేరే చెట్టు పుప్పొడి కావాలి. దాని సంకరాల్లో చెట్టుకీ చెట్టుకీ తేడా కనిపిస్తుంది. కాబట్టి సంకరాల్లో మడి సగటు ఒక్కటే రాసుకుంటే లాభం లేదు, చెట్టు వారీగా మార్కులు ఉంచుకోవాలి.

గింజ పైపొర గట్టిది. 80 డిగ్రీల వేడి నీళ్లలో మూడు నాలుగు నిమిషాలు ముంచి, తీసి చల్లటి నీళ్లలో రాత్రంతా నానబెట్టాలి. మరిగే నీళ్లలో వదిలేస్తే మొలక చచ్చిపోతుంది. ఉబ్బిన గింజలే పాలిథీన్ సంచుల్లో వేయాలి. ఏప్రిల్ ఆఖరులో వేస్తే జూలై వానలకు నాటే మొక్క అవుతుంది. అన్ని రకాలూ ఒకే రోజు వేసి, ఒకే మట్టిమిశ్రమం వాడి, ఒకే ఎత్తు మొక్కలు ఏరుకోండి. నర్సరీలో వచ్చిన ఎత్తు తేడా తోటలో ఏడాది పాటు వెంటాడుతుంది.

మడుల అమరిక

ఎనిమిది రకాలు, నాలుగు బ్లాకులు, ప్రతి బ్లాకులో ఒక్కో రకానికి ఒక్కో మడి: మొత్తం 32 మడులు. మడికి 5 వరుసలు, వరుసకు 5 మొక్కలు, వరుసల మధ్య 2 మీటర్లు, మొక్కల మధ్య 1 మీటరు. ఒక మడి 50 చదరపు మీటర్లు. ప్రతి బ్లాకు చుట్టూ కె-8 వరుస ఒకటి నాటాలి. ఇవన్నీ కలిపి సుమారు 60 సెంట్లు పడుతుంది. బ్లాకు లోపల ఏ రకం ఎక్కడ పడాలో చీటీలు వేసి తేల్చండి. నాలుగు బ్లాకులకూ విడివిడిగా వేయాలి, ఒకసారి వేసిన చీటీల వరుసనే మిగతా వాటికి దించకూడదు.

చుట్టూ వేసిన కె-8 వరుసలు పురుగును పెంచి లోపలికి పంపుతాయి. అవి లేకపోతే గాలి వీచే వైపు మడులకే పురుగు చేరి, అవతలి బ్లాకు రకాలు ఊరకే మంచి మార్కులు కొట్టేస్తాయి. కొలతలు మడి మధ్యనున్న 9 చెట్లకే. బయటి 16 చెట్లు పక్క రకం నీడ, పురుగు ప్రభావం అడ్డుకోవడానికి.

ఆ తొమ్మిదిలో ఒక వరుస, అంటే 3 చెట్లు, పురుగు లెక్కకు. మిగతా 6 ఎదుగుదలకు. ఈ విభజన మొదటి రోజే రంగు గుర్తులతో చేసేయండి. ఎందుకంటే అన్ని రకాలకూ లేత చిగురు ఒకేసారి రావాలంటే, రెండో ఏడు అక్టోబరు మొదటి వారంలో పురుగు లెక్క చెట్లనూ చుట్టూ ఉన్న కె-8 వరుసలనూ ఒకే రోజు మీటరు ఎత్తులో నరకాలి. నరికిన చెట్టును ఎదుగుదల లెక్కలో చేర్చకూడదు. నాలుగు వారాలకు మోడు చిగుళ్లు అన్ని మడుల్లో ఒకే వయసులో ఉంటాయి. ముందే చిగిర్చిన రకానికి పురుగు ముందే ఎక్కి, ఆలస్యంగా చిగిర్చినది 'నిరోధకం' అనిపించుకోవడం ఇలా తప్పుతుంది.

సుబాబుల్ నీటి నిల్వను ఓర్వదు. రేగడిలో నీరు ఆగే పల్లం ఉంటే ఆ చోటు వదిలేయండి. తప్పకపోతే పల్లం అంతా ఒకే బ్లాకులోకి వచ్చేలా గీసుకోండి.

ఆకు మీద మార్కు: 1 నుంచి 9

ఈ పురుగుకు ప్రపంచమంతా వాడే కొలబద్ద ఇదే. కాగితం మీద రాసి, ఒక్కో అంకెకు ఒక ఫొటో అంటించి, అట్ట మీద అతికించి తోటకు తీసుకెళ్లాలి.

1: నష్టం ఏమీ లేదు.
2: ఆకులు కొంచెం ముడుచుకున్నాయి.
3: చిగురు చివరలు, ఆకులు ముడుచుకుని పసుపు తిరిగాయి.
4: చిగుళ్లు బాగా ముడుచుకుని, పసుపు తిరిగి, జిగటతో నిండాయి.
5: లేత ఆకుల్లో 25 శాతం వరకు రాలాయి.
6: 25 నుంచి 50 శాతం రాలాయి.
7: 50 నుంచి 75 శాతం రాలాయి.
8: లేత ఆకులన్నీ రాలి, కింది ఆకులు మసి బారాయి.
9: ఆకులన్నీ రాలి కాండం కూడా నల్లబడింది.

మార్కు వేసేవాళ్లకు రకం పేరు తెలియకూడదు, మడి సంఖ్య మాత్రమే తెలియాలి. 'ఇది కెఎక్స్-2' అని తెలిసిన కన్ను 4ను 3గా చూస్తుంది. ఇద్దరు విడివిడిగా వేయాలి. మొదటి రోజు 40 చెట్లకు ఇద్దరూ వేసి పోల్చుకోండి. రెండు లేదా అంతకంటే ఎక్కువ అంకెల తేడా నాలుగు చెట్లకు మించి వస్తే ఫొటోల అట్ట ముందు పెట్టుకుని మళ్లీ మొదలుపెట్టాలి. తేడా ఎక్కువగా 4 కీ 5 కీ మధ్యే వస్తుంది. ఒకరు ముడత చూస్తారు, ఒకరు రాలిన ఆకుల ఖాళీ చూస్తారు. రాలిన చోట ఆకు తొడిమ మచ్చలు లెక్కపెడితే గొడవ తీరుతుంది.

పదిహేను రోజులకొకసారి, ఉదయం 7 నుంచి 10 లోపు, ఒక బ్లాకు పూర్తయ్యాకే రెండోది. సగం బ్లాకు ఈ రోజు, సగం రేపు వద్దు. పెద్ద వాన పడితే పిల్ల పురుగులు కొట్టుకుపోతాయి, మూడు రోజులు ఆగండి. నవంబరులో బంగాళాఖాతం అల్పపీడనాలకు ఇది తరచూ అవసరమవుతుంది.

ప్రతి విడతలోనూ ముందు కె-8 సగటు చూసుకోవాలి. అది 6కు తగ్గితే ఆ విడత మార్కులు దాచుకోండి, వాటి ఆధారంగా మాత్రం ఎవరినీ నిరోధకం అనకండి. లొంగే రకమే లొంగనప్పుడు పరీక్ష జరగనట్టే. ఈ పనంతటిలో తప్పకుండా పాటించాల్సిన నియమం ఏదైనా ఉందంటే ఇదే.

పురుగు లెక్క

నష్టం మార్కు చెట్టు గురించి చెబుతుంది, పురుగు గురించి చెప్పదు. అందుకే సీజనులో మూడుసార్లు, నవంబరు, డిసెంబరు, జనవరి నడుమ, చిగుళ్లు కోసి లెక్కపెట్టాలి. గుర్తుపెట్టిన 3 చెట్లలో చెట్టుకు 2 చిగుళ్లు. 32 మడులకు 192 చిగుళ్లు అవుతాయి, ఇద్దరు మనుషులు రెండు రోజులు లెక్కపెట్టే పని.

కొమ్మను తాకగానే పెద్ద పురుగులు ఎగిరిపోతాయి. ముందు పారదర్శకమైన పాలిథీన్ కవరును కొమ్మ చివర నుంచి కిందికి నెమ్మదిగా తొడిగి, మూతి బిగించి, 15 సెంటీమీటర్ల దగ్గర సికేచర్‌తో (కొమ్మ కత్తెరతో) కత్తిరించండి. మడి, చెట్టు, చిగురు సంఖ్యలు పెన్సిల్‌తో రాసిన చీటీ కవరు లోపల వేయాలి, పెన్ను రాత ఆల్కహాల్‌కు చెరిగిపోతుంది. ఐస్ డబ్బాలో పెట్టి తెచ్చి 70 శాతం ఆల్కహాల్‌లో కడిగి, గళ్లు గీసిన పళ్లెంలో పది రెట్ల కటకం కింద లెక్కపెట్టాలి. గుడ్లకు మడతలు విప్పి చూడాలి, కడిగితే అన్నీ రావు. గుడ్లు, చిన్న పిల్లలు, రెక్క మొగ్గలు కనిపించే పెద్ద పిల్లలు, రెక్కల పురుగులు నాలుగు గడుల్లో విడిగా రాయండి.

అదే చిగురు మీదున్న అక్షింతల పురుగులు, వాటి పిల్లలు, సాలీళ్లు కూడా రాయాలి. సిల్లాను తినే అక్షింతల పురుగు క్యూరినస్ సీరూలియస్‌ను ఇందుకోసమే మన దేశానికి తెచ్చి వదిలారు. గుడ్లు చాలా ఉండి పెద్ద పిల్లలు లేకపోతే అది చెట్టు గొప్పా, అక్షింతల పురుగు గొప్పా అని ఈ లెక్క ఒక్కటే చెప్పదు.

గుడ్డ సంచి పరీక్ష

ఆ సందేహం తీర్చేది ఇది. విచ్చుకోని చిగురున్న కొమ్మను తుడిచి శుభ్రం చేసి, 40 సెంటీమీటర్ల పొడవు సన్నటి మస్లిన్ సంచి తొడగండి. సంచి చిగురుకు అంటకుండా లోపల సన్నటి తీగతో రెండు కడియాలు పెట్టాలి. ఆస్పిరేటర్‌తో (పురుగును గొట్టంలోంచి పీల్చి పట్టే సీసాతో) పట్టిన 5 జతల పెద్ద పురుగులను లోపల వదిలి, 48 గంటల తర్వాత తీసేయాలి. గుడ్లు చేతి కటకంతో లెక్కపెట్టి సంచి మళ్లీ కట్టండి. 15వ రోజు బయటపడిన పెద్ద పురుగులను లెక్కపెట్టండి. బ్లాకుకు రకానికి రెండేసి సంచులు చాలు.

200 గుడ్లకు 120 పురుగులు బయటపడితే బతికినవి 60 శాతం. ఇంకో రకంలో 180 గుడ్లకు 18 వస్తే 10 శాతం, అంటే చెట్టు రసమే పురుగును ఎదగనీయడం లేదు. ఆరుబయట గుడ్లు తక్కువగా ఉన్న రకంలో సంచి లోపల మాత్రం కె-8తో సమానంగా గుడ్లు పడితే, అది కేవలం పురుగు ఇష్టపడకపోవడమే. వేలాది ఎకరాల్లో అదొక్క రకమే వేస్తే పురుగుకు వేరే దారి ఉండదు, అదే ఎక్కుతుంది. రైతుకు సిఫారసు చేసే ముందు ఈ తేడా తెలియాలి.

సంచి లోపల వేడి పెరుగుతుంది. మధ్యాహ్నం లోపలి ఉష్ణోగ్రత ఒకటి రెండు సంచుల్లో థర్మామీటరు పెట్టి చూడండి. 35 దాటుతుంటే ఉత్తర వైపు కొమ్మలకు మార్చాలి. సంచి మూతికి దూది పెట్టకుండా కడితే చీమలు దూరతాయి.

కర్ర కొలత

ఎదుగుదల చెట్లు ఆరింటికీ నాటిన నెలకు, తర్వాత ఆరు నెలలకొకసారి ఎత్తు కొలవండి. చిన్న మొక్కకు నేల నుంచి 10 సెంటీమీటర్ల పైన వ్యాసం, చెట్టయ్యాక 1.37 మీటర్ల ఎత్తులో చుట్టుకొలత. ఆ ఎత్తులో పెయింటుతో గీత గీయాలి. ఒకసారి 1.30 దగ్గర, ఇంకోసారి 1.45 దగ్గర కొలిస్తే ఆరు నెలల ఎదుగుదల అంతా ఆ పొరపాటులోనే కలిసిపోతుంది. చుట్టుకొలతను 3.1416తో భాగిస్తే వ్యాసం. వ్యాసం వర్గాన్ని ఎత్తుతో గుణిస్తే కర్ర పరిమాణానికి సూచిక దొరుకుతుంది, రకాలను పోల్చడానికి అది చాలు.

తట్టుకునే గుణం తెలియాలంటే ప్రతి రకానికీ ఇంకో మడి కావాలి, దానిలో మందు కొట్టి పురుగు లేకుండా ఉంచాలి. మందు, మోతాదు గుంటూరు దగ్గరి లాం ఫారం (వ్యవసాయ పరిశోధన కేంద్రం) శాస్త్రవేత్తలను అడిగి నిర్ణయించుకోండి, మందు కొట్టిన మడుల ఆకును గొర్రెలు, మేకలకు వేయకూడదు. ఉదాహరణకు, కాపాడిన మడిలో శీతాకాలపు ఎదుగుదల 120 సెంటీమీటర్లు, వదిలేసిన మడిలో 90 అయితే నష్టం 25 శాతం. ఆకు మార్కు రెండు రకాల్లో సమానమై, ఒకదానిలో నష్టం 25, ఇంకోదానిలో 8 శాతం అయితే రెండోది తట్టుకుంటోంది.

లెక్క కట్టడం

ఒక్క రోజు మార్కు కంటే సీజనంతా పడిన దెబ్బను కలిపి చూడాలి. పక్కపక్క విడతల మార్కుల సగటును మధ్య రోజులతో గుణించి కూడండి. 15 రోజుల ఎడంతో ఒక రకానికి 2, 4, 6, 5 పడ్డాయనుకుందాం: 3ను 15తో గుణిస్తే 45, తర్వాత 75, తర్వాత 82.5, మొత్తం 202.5. దాన్ని 45 రోజులతో భాగిస్తే 4.5. కె-8కు 6, 7, 8, 7 పడితే మొత్తం 322.5, అంటే 7.2. నివేదికలో రకం అంకె పక్కన కె-8 అంకె తప్పక రాయండి.

మార్కులు మెట్ల లాంటివి, 2కీ 3కీ ఉన్న దూరం 7కీ 8కీ ఉన్న దూరంతో సమానం కాదు. అందుకే సగటుతో పాటు 3 లేదా అంతకంటే తక్కువ పడిన చెట్ల శాతం కూడా ఇవ్వాలి, సంకర రకాలకు ముఖ్యంగా. పురుగుల లెక్కలు సున్నా నుంచి వందల దాకా ఎగిరిపడతాయి. ఒకటి కలిపి లాగరిథమ్ తీసుకున్నాకే వేరియన్స్ విశ్లేషణ (రకాల మధ్య తేడా నిజమైనదా, యాదృచ్ఛికమా అని తేల్చే లెక్క) చేయండి. లెక్కకు యూనిట్ మడి సగటు, అంటే రకానికి నాలుగు విలువలు. చెట్లన్నిటినీ విడి విలువలుగా వేస్తే లేని తేడా ఉన్నట్టు కనిపిస్తుంది.

ఈ ప్రాంతంలో పరీక్ష చెడేది ఎక్కడ

అన్నిటికంటే పెద్ద ప్రమాదం పక్క మిరప చేను. తామర పురుగు కోసం మిరపకు మందులు జోరుగా కొట్టేది, సిల్లా ఉధృతంగా ఉండేది ఒకే నెలల్లో. గాలికి కొట్టుకొచ్చిన మందు అంచు బ్లాకులో సిల్లాను చంపేస్తుంది, ఆ బ్లాకులో అన్ని రకాలూ మంచివైపోతాయి. మిరప, పత్తి చేలకు కనీసం 50 మీటర్ల దూరంలో స్థలం చూసుకోండి. పక్క రైతు మందు కొట్టిన తేదీలు అడిగి నోటు పుస్తకంలో రాయండి.

సున్నపు నేలల్లో ఇనుము లోపం వల్ల కూడా చిగురాకు పసుపు తిరుగుతుంది. ఈనెలు పచ్చగా ఉండి మధ్యభాగం మాత్రమే పసుపైతే అది లోపం. సిల్లా పసుపులో ముడత, జిగట తప్పకుండా ఉంటాయి. నీటి ఎద్దడికి రాలే ఆకులు కింది నుంచి రాలతాయి, సిల్లా దెబ్బ పైనుంచి మొదలవుతుంది. మేకలు కొరికిన చిగురు 7 మార్కులా కనిపిస్తుంది, కొస తెగి ఉందో లేదో చూడండి. కంచె లేకుండా సుబాబుల్ పరీక్ష వేయవద్దు.

జామాయిల్‌లో ఆకు కణితి కందిరీగ లెప్టోసైబ్ ఇన్వేసాకు క్లోన్లు (ఒకే తల్లి చెట్టు నుంచి పెంచిన మొక్కలు) ఎంత లొంగుతాయో పరీక్షించేవాళ్లకు అమరిక ఇదే, మార్కు పద్ధతి వేరు. కణితి పురుగు వెళ్లిపోయాక కూడా మిగిలిపోతుంది. పాత కణితిని కొత్తదిగా లెక్కపెట్టకుండా, విడత మొదట్లో చిగురు కింద రంగు దారం కట్టి, దారానికి పైన వచ్చిన ఆకుల ఈనెలు, తొడిమల మీదున్న కణితులే లెక్కపెట్టాలి.

ఒక చలికాలం ఫలితంతో రకం పేరు ప్రకటించకూడదు. రెండు సీజన్లు, వీలైతే రెండు నేలలు: నందిగామ రేగడి ఒకటి, బాపట్ల వైపు ఇసుక నేల ఒకటి. రెండు చోట్లా కె-8 లొంగి, మీ రకం నిలబడితేనే విత్తనం గురించి ఆలోచించాలి. ఆ విత్తనం కూడా పరీక్ష మడుల నుంచి కోయకూడదు. అక్కడ రకాలన్నీ పక్కపక్కనే పూస్తాయి, ముఖ్యంగా సంకరాల గింజలో ఏ పుప్పొడి పడిందో చెప్పలేం. మిగతా సుబాబుల్ చెట్లకు దూరంగా విత్తన తోట వేరే వేయండి. పరీక్ష మడుల్లోని కాయలు పగలకముందే కోసి తగలబెట్టండి, లేకపోతే కాలువ గట్ల వెంట మొలిచి పీకలేని కలుపవుతుంది.